కుడి చక్రం

ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు ముద్ద పెట్టుకుని, దానికేసి బేరింగు అంచును అదుముతున్నాడు సత్యానందం. అదమడం, కాస్త వెనక్కి లాగడం, మళ్లీ అదమడం. నాలుగైదు సార్లు అలా చేస్తే కింద దూరిన గ్రీజు పైన రోలర్ల సందుల్లోంచి సన్నటి తీగల్లా బయటికొస్తుంది. వచ్చేదాకా వదలడు. వచ్చాక బేరింగును రవ్వంత తిప్పి పక్క సందు మొదలుపెడతాడు. ఒక్కో బేరింగుకి పది నిమిషాలు. గ్రీజు పట్టించే మిషను ఒకటి ఎదురుగా గోడకి వేలాడుతూనే ఉంది. దాంట్లో పెట్టి నొక్కితే అర నిమిషంలో అయిపోతుంది. తొమ్మిదేళ్లలో ఆ మిషన్ను ఆయన ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

అరోరా ఊరు దాటి పడమటికి వెళ్లే రోడ్డు మీద, మొక్కజొన్న చేలు మొదలయ్యే చోట ఉంది ఆ షెడ్డు. కారు వెనక తగిలించుకుని ఊరూరా తిప్పుకునే చక్రాల ఇళ్లకి, అంటే ట్రైలర్లకి, అక్కడ రిపేర్లు చేస్తారు. అక్టోబరు వచ్చిందంటే ఇల్లినాయి చలికి తట్టుకోలేని రిటైరైన వాళ్లంతా ట్రైలర్లు కట్టుకుని దక్షిణానికి బయల్దేరతారు. బయల్దేరే ముందు చక్రాలు విప్పించి, బేరింగులు కడిగించి, కొత్త గ్రీజు పెట్టించి, బ్రేకులు సరిచేయించుకుని పోతారు. వాళ్లందరినీ సాగనంపేవాడు సత్యానందం. ఎవరు ఎటుపోయినా ఆయన మాత్రం ఆ షెడ్డు గడప దాటడు.

చొక్కా జేబు మీద ఎర్ర దారంతో ‘ఎర్ల్’ అని కుట్టి ఉంటుంది. ఆ ఎర్ల్ ఎవరో ఆయన చూడలేదు. తనకన్నా ముందు పనిచేసి వెళ్లిపోయిన మనిషి. కొత్త చొక్కా వచ్చేదాకా ఇది వేసుకోమన్నాడు యజమాని వాల్ట్. కొత్తది వచ్చినప్పుడు దాని మీదా ఎర్ల్ అనే ఉంది. ఈయన అడగలేదు, వాళ్లు మార్చలేదు. తొమ్మిదేళ్లుగా గిరాకీలు ఎర్ల్ అని పిలుస్తుంటే ఈయన తలెత్తి చూస్తూనే ఉన్నాడు. సత్యానందం అని పూర్తిగా పిలిచేవాళ్లు నెలకోసారి తెలుగువాళ్ల ప్రార్థన కూటంలో తప్ప ఎక్కడా దొరకరు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని ఒక రిటైర్డ్ స్కూలు టీచరుది. మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఇచ్చేయాలి. బేరింగు లోపల పెట్టి, గ్రీజు కారకుండా సీలు కొట్టి, బ్రేకు డ్రమ్మును ఇరుసు మీదికి ఎక్కించాడు. నట్టు బిగిస్తూ డ్రమ్మును చేత్తో తిప్పాడు. తిరగడం బరువయ్యేదాకా బిగించి, మళ్లీ వదులు చేసి, ఈసారి పానాతో కాకుండా వేళ్లతో ఎంతవరకు బిగుస్తుందో అంతవరకే బిగించాడు. మరీ బిగిస్తే బేరింగు కాలిపోతుంది, మరీ వదిలేస్తే చక్రం ఊగుతుంది. సంసారం లాగే ఇదీను అనేది ఆయన భార్య లూసీ. ఇక ఆ నట్టు తనంత తాను ఊడిపోకుండా అడ్డంగా ఒక కాటరు పిన్ను పెట్టాలి. కాటరు పిన్నంటే రెండు కాళ్ల ఇనుప పుల్ల. బెజ్జంలోంచి దూర్చి రెండు కాళ్లూ చెరోపక్కకి వంచితే నట్టు కదలదు.

పాత పిన్ను చూడ్డానికి బాగానే ఉంది. అయినా దాన్ని డబ్బాలో పారేసి కొత్తది తీశాడు. ఒకసారి కాళ్లు వంచిన పిన్ను మళ్లీ పెట్టకూడదన్నది ఆయన శాసనం. ఈ సంగతి మీద వాల్ట్‌తో ఏడాదికోసారి మాటామాటా వచ్చేది. వాల్ట్ ఇనుము ఇనుమే కదా అంటాడు. ఈయన బెజవాడ యార్డులో ఇరవయ్యారేళ్లు పనిచేసిన మనిషి. గూడ్సు బండి ఆగీ ఆగగానే పట్టాల పక్కన పరిగెత్తుతూ ఒక్కో ఇరుసు పెట్టెనూ చేత్తో తాకి, వేడెక్కిందేదో పట్టుకునే ఫిట్టరు. వాగనుకి పదిహేను పైసల పిన్ను పెట్టక బండి పట్టాలు తప్పి, ఊరు ఊరంతా మేలుకున్న రాత్రులు ఆయన చూశాడు. ఎవరి పనినీ నమ్మడు. తన పనిని అంతకన్నా నమ్మడు. మూత కొట్టే ముందు మూడుసార్లు చూస్తాడు.

ఆ తాకడానికీ ఒక పద్ధతి ఉంది. అరచెయ్యి పెట్టకూడదు, చేతి వెనక భాగం పెట్టాలి. అరచెయ్యి కాలితే మర్నాటి పని పోతుంది. వెనక కాలితే ఏమీ కాదు, ఇంటికెళ్లి వెన్న రాసుకుంటే సరి. టీచరు ట్రైలరును వాల్ట్ పరీక్షకని నాలుగు మైళ్లు లాగి తీసుకొచ్చాక, చక్రాల నడుమ ఇరుసును పట్టి ఉండే రెండు హబ్బులకీ చేతి వెనక భాగం ఆనించి చూశాడు. చల్లగా ఉన్నాయి. అప్పుడు చిన్న బ్రష్షుతో, చక్రం వెనక ఇనుప దూలం మీద తెల్ల పెయింటుతో ఇంగ్లీషు అక్షరాల్లో బి.జెడ్.ఏ. అని, పక్కన నెలా సంవత్సరమూ రాశాడు. రైల్వేలో గ్రీజు పెట్టినప్పుడల్లా అలా స్టేషను పేరూ తేదీ రాసేవాళ్లు. ఏదన్నా అయితే ఎవరి మెడ పట్టుకోవాలో తెలియడానికి. అరిజోనా ఎడారిలోనూ ఫ్లారిడా సముద్రం ఒడ్డునా ఎన్ని ట్రైలర్ల కింద బెజవాడ స్టేషను పేరు ఉందో లెక్కలేదు. అదేమిటని తొమ్మిదేళ్లలో ఒక్కరూ అడగలేదు.

టీచరు వెళ్లిపోయాడు. ఈ షెడ్డులో సత్యానందం చేసే ఆఖరి గిరాకీ పని అది. షెడ్డూ స్థలమూ అమ్మేశాడు వాల్ట్. నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. ఎదురు చేనులో కూడా ఇళ్లు లేస్తున్నాయి. ఇది పంతొమ్మిది వందల ఎనభై అయిదు, ఊరు పడమటికి పాకుతోంది.

కాఫీ కప్పు పట్టుకుని వాల్ట్ వచ్చి బల్లకి ఆనుకున్నాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. వెనక వైపుకి గడ్డంతో చూపిస్తూ, కుడిది నేను చేసేస్తాను, నువ్వు భోంచేసి రా అన్నాడు. ఈ మాట అతను అనడం ఇది మూడోసారి. సత్యానందం తల అడ్డంగా ఊపాడు. వాల్ట్ కుంటుతూ వెళ్లిపోయాడు.

షెడ్డు వెనక, పిచ్చిగడ్డిలో, సత్యానందం సొంత ట్రైలరు ఉంది. పదహారడుగులది, ఒకే ఇరుసు, రెండే చక్రాలు. ఎడమ చక్రం నిన్న పూర్తయింది. టైర్లు రెండూ కొత్తవి. కుడి చక్రం విప్పాలి. అది ఇవాళ సాయంత్రంలోగా కావాలి. రేపు తెల్లవారుజామున బయల్దేరితే ఆదివారం రాత్రికి హ్యూస్టన్. అక్కడ కూతురు ప్రేమజ్యోతి, అల్లుడు ఉదయ్ ఉంటారు. జ్యోతికి నెలలు నిండాయి.

పోయిన ఆదివారం ఫోన్లో కూతురు గట్టిగానే అంది. “నాన్నా, నాలుగేళ్ల నుంచి బేరింగ్స్ చూడాలి, బేరింగ్స్ చూడాలి అంటున్నావు. ఊళ్లో వాళ్లందరివీ ఒక పూటలో చేస్తావు కదా. డాక్టర్ నవంబర్ ఫోర్త్‌కి డేట్ ఇచ్చారు. అమ్మ ఉంటే అమ్మొచ్చేది. లేదు కాబట్టి నువ్వు రా.”

వస్తానన్నాడు. విమానం టిక్కెట్టు పంపిస్తానంటే వద్దన్నాడు. తను విమానమెక్కితే ట్రైలరు ఇక్కడే ఉండిపోతుంది, స్థలం కొన్నవాళ్లు తుక్కు కింద లాక్కెళ్లిపోతారు. అది జరగనివ్వలేడు. పోనీ దాన్ని కదిలించాలంటే కుడి చక్రం విప్పకుండా కదిలించకూడదు. నాలుగున్నరేళ్లు నిలబడిపోయిన బేరింగును చూడకుండా రోడ్డెక్కించేవాడు ఫిట్టరే కాదు. విప్పితే లోపలున్న గ్రీజు కడిగేయాలి. అదీ ఆయన చేయలేకపోతున్న పని. ఆ గ్రీజు లూసీ పెట్టింది.

లూసీ గుంటూరు మిషను ఆసుపత్రిలో నర్సు. డెబ్బై మూడులో నర్సు ఉద్యోగం మీద ముందు తను వచ్చింది. మూడేళ్లకి రైల్వే ఉద్యోగం వదులుకుని ఈయన వచ్చాడు. సర్కారు కొలువు వదిలేసి పెళ్లాం వెంట పోతున్నాడని యార్డులో నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, వచ్చినందుకు ఆయన ఎన్నడూ విచారించలేదు. ఎనభైలో జ్యోతి పెళ్లయి హ్యూస్టను వెళ్లింది. ఆ ఆగస్టులో లూసీకి ఆసుపత్రిలో పది రోజులు సెలవు దొరికింది. ఏడేళ్లలో అంత పొడుగు సెలవు అదే మొదలు. బిడ్డ కాపురం చూడాలి, అక్కడికి దగ్గరేనట గాల్వెస్టన్, సముద్రం చూడాలి అంది. బందరులో పుట్టిన మనిషి. ఈ ఊళ్లో ఎటు చూసినా మొక్కజొన్నే.

బయల్దేరే రోజు ఆదివారం. ఇదే చోట, ఇదే ట్రైలరు. ఆయన ఎడమ చక్రం ముందు కూర్చుంటే, కుడిది నాకు నేర్పండి అని లూసీ చీర కుచ్చిళ్లు దోపుకుని గడ్డిలో చతికిలబడింది. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న రబ్బరు తొడుగులు వేసుకుని మొదలుపెట్టి, రెండు నిమిషాలకే తీసిపారేసింది. చేతికి తెలియడం లేదంది. వట్టి చేతుల్తో అదిమింది. “ఏమండీ, అచ్చం సున్నుండ చుట్టినట్టే ఉంది” అని నవ్వింది. ఆయన నవ్వలేదు. పనిలో ఆయన నవ్వడు. కాటరు పిన్ను ఆమె చేతిలో పెడుతూ, షెడ్డు మూసుంది, వాల్ట్ లేడు, ఉన్నవి రెండే పిన్నులు, ఇది పారేశావంటే ఇవాళ ప్రయాణం లేదు అన్నాడు. ఆయన అలా అంటే అలాగే చేస్తాడని లూసీకి తెలుసు.

గంట తర్వాత ఆయన ఎడమ పక్క ముగించి వచ్చేసరికి కుడి చక్రం మూత కొట్టేసి ఉంది. పిన్ను పెట్టావా అన్నాడు. పెట్టానంది. కాళ్లు వంచావా? వంచాను. అయితే సరే అన్నాడు. తన బతుకులో మూత విప్పి చూడకుండా వదిలేసిన చక్రం అదొక్కటే. మరి దీని మీద ఏ స్టేషను పేరు రాయాలి అని లూసీ బ్రష్షు పుచ్చుకుని, నేను గుంటూరు ఆసుపత్రిదాన్ని కదా అంటూ తనే జి.ఎన్.టి. అని రాసింది. అక్షరాలు కాస్త కిందికి జారాయి.

వెళ్లారు, వచ్చారు. రానూ పోనూ రెండువేల మూడు వందల మైళ్లు. ఆరు నెలలు తిరక్కుండా లూసీకి జ్వరం పట్టుకుంది. రక్తంలో జబ్బన్నారు. తను పనిచేసిన వార్డులోనే, తను దుప్పట్లు మార్చిన మంచం మీదే నలభై రోజులు ఉంది. రాత్రుళ్లు ఆయన పక్కన కూర్చుని గంటగంటకీ నుదుటి మీద చేతి వెనక భాగం ఆనించి చూసేవాడు. ఎప్పుడు చూసినా కాలిపోతూ ఉండేది. మార్చి నెలలో ఒక తెల్లవారుజామున చూస్తే చల్లగా ఉంది. హమ్మయ్య, తగ్గిందనుకున్నాడు. సంతోషంగా దుప్పటి సర్ది, కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తర్వాత కునుకు తీశాడు. నర్సు వచ్చి లేపి చెప్పేదాకా ఆయనకు తెలియలేదు. చల్లగా ఉంటే మంచిదని ఇరవయ్యారేళ్లు చేతికి నేర్పుకున్నాడు మరి. ఆ సంగతి కూతురికి కూడా చెప్పలేదు.

అప్పట్నుంచి ట్రైలరు కదల్లేదు. లూసీ పోయాక అపార్టుమెంటు వదిలేసి, రెండు వీధుల అవతల ఒక మేడగదిలోకి మారాడు. మధ్యాహ్నం అన్నం మాత్రం ట్రైలర్లోనే తింటాడు. మడత బల్ల ముందు ఇటు తను కూర్చుంటాడు, అటు ఎవరూ ఉండరు. కూటంలో పెద్దాయన దైవాశీర్వాదంగారు ఇంజనీరు, మంచివాడు. మొన్న ఆయనింట్లో ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. అందరూ చేతులు కలిపారు. గోళ్ల చుట్టూ ఎంత తోమినా పోని నలుపు చూసుకుని సత్యానందం చెయ్యి ముందుగా వెనక్కి తీసుకున్నాడు. లూసీ ఉన్నప్పుడు ఆ చేతిని అందరి ముందూ పట్టుకునేది.

ఆ మధ్యాహ్నం అన్నం తినకుండా జాకీ పట్టుకెళ్లి కుడి పక్కన పెట్టాడు. కూతురు కోసమైతే పదిసార్లు విప్పుతాడు, కాని లూసీ కోసం ఒక్కసారీ విప్పకూడదనిపిస్తోంది. ఇద్దరి మధ్యా పడి కాసేపు జాకీ పిడి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. చలిగాలి వీస్తోంది. ఎదురు చేనులో ఎవరో మేకులు కొడుతున్నారు. ఇంకో పది రోజుల్లో జ్యోతి ఆసుపత్రి మంచం మీద ఉంటుంది. ఆ మాట అనుకున్నాక లేచి జాకీ తిప్పాడు.

చక్రం తీశాడు. ఉలీ సుత్తీ పెట్టి హబ్బు చివర ఉన్న టోపీలాంటి మూతను చుట్టూ మెల్లగా తట్టాడు. ఊడి వచ్చింది. వెలుతురుకి పట్టి లోపలికి చూశాడు. మూత అడుగున గ్రీజు కదలకుండా అలాగే ఉంది, ముదురు బెల్లం రంగులో. దాని మీద మూడు వేళ్ల చాళ్లు ఉన్నాయి. సన్నటి వేళ్లు. ఉంగరపు వేలి చాలు తక్కిన రెంటికన్నా లోతుగా ఉంది. సత్యానందం దాన్ని గడ్డిలో పడకుండా రెండు చేతులా పట్టుకుని వెళ్లి షెడ్డులో బల్ల మీద పెట్టి వచ్చాడు.

ఇక పిన్ను తీయాలి. నట్టు మీద గ్రీజును గుడ్డతో తుడిచాడు. తుడిచి, పానా అందుకోబోయి ఆగాడు. అది కాటరు పిన్ను కాదు.

నల్లగా, సన్నగా, రెండు కాళ్లతో ఉంది. కాళ్ల మీద చిన్న చిన్న వంపులున్నాయి. తల గుండ్రంగా ఉంది. లూసీ ముడిలో పెట్టుకునే కొప్పుపిన్ను. బెజ్జంలోంచి దూర్చి, కాళ్లు రెండూ చెరోపక్కకి, ఆయన నేర్పింది నేర్పినట్టు వంచి ఉంది. ఒక కాలు నట్టు మీదికి, ఒక కాలు ఇరుసు చుట్టూ. ఆపరేషను గదిలో కట్టు ముడి వేసినంత శుభ్రంగా వంచింది.

గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఆవేళ ఇక్కడే ఎక్కడో కాటరు పిన్ను జారి పడిపోయి ఉంటుంది. వెతుక్కుని ఉంటుంది. చెబితే ఆయన ప్రయాణం మానేస్తాడు, సెలవు అయిపోతుంది, బిడ్డనీ సముద్రాన్నీ మళ్లీ ఎప్పటికో. అందుకని తలలోంచి పిన్ను తీసి పెట్టేసింది. పిన్ను పెట్టావా అంటే పెట్టానంది. ఏదీ అబద్ధం కాదు.

ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ ప్రయాణమంతా లూసీ ముడి ఒక పక్కకి జారిపోతూనే ఉంది. ఏమిటే అంటే గాలండీ అనేది. సముద్రం దగ్గరంటే సరే, ఆర్కాన్సా అడవుల్లో ఆకు కూడా కదలని చోట గాలేమిటి? ముడి వేసుకోవడం కూడా రాని నర్సమ్మ అని ఈయన వేళాకోళం చేశాడు. యాభై మైళ్లకోసారి బండి ఆపినప్పుడల్లా ఆయనకన్నా ముందు దిగి, కుడి వైపుకి పరిగెత్తి హబ్బు మీద చెయ్యి పెట్టి చూసేది. గుంటూరు స్టేషను నేను చూసుకుంటా, మీరు బెజవాడ చూసుకోండి అనేది. ఆటలాగా ఉందని మురిసిపోయాడు. ఆట కాదు. రెండువేల మూడు వందల మైళ్లూ ఆ మనిషి గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. పక్కనే ఉండి, చేతితో తాకి ఏ ఇరుసు కాలుతోందో చెప్పగల మొనగాడికి అది తెలియలేదు.

ఆయనకి సిగ్గేసింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఆడది ఒక పిన్ను పోయిందని చెప్పడానికి భయపడిందంటే, ఆ భయం పెట్టింది తనే కదా. వెంటనే నవ్వొచ్చింది. తర్వాత నవ్వాగిపోయి కళ్లు నిండాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకీ గ్రీజు.

కొప్పుపిన్ను విరక్కుండా తీయడానికి పావుగంట పట్టింది. సన్నటి పటకారుతో ఒక్కో కాలినీ కొంచెం కొంచెంగా నిటారు చేసి, వెనక్కి లాగాడు. డ్రమ్ము ఊడదీసి, బేరింగులు తీసి షెడ్డులోకి తెచ్చి, కిరసనాయిలు పళ్లెం ముందు పెట్టుకున్నాడు. మామూలుగా బ్రష్షుతో కడుగుతాడు. ఇవాళ చేతులతో కడిగాడు. బెల్లం రంగు గ్రీజు వేళ్ల మధ్య నుంచి కరిగి, పళ్లెం అడుక్కి దిగి, కిరసనాయిలు టీ రంగుకి తిరిగింది. అయిపోయింది. ఆమె చేతి పని ఈ లోకంలో ఉన్న కాస్తా పోయింది. ఆయన భయపడ్డట్టే చాలా బాధ వేసింది, కాని చేతులు ఆగలేదు.

కడిగిన బేరింగును గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురులో ఒక్కో రోలరూ తిప్పి చూశాడు. ఎక్కడా గుంట లేదు, గీత లేదు, వేడికి నీలం తిరిగిన మరక లేదు. ఒక్క సందు కూడా గ్రీజు అందక ఎండలేదు. ఎడమ పక్క తను పట్టించినదాంట్లో నిన్న ఒక రోలరుకి సన్నటి గీత కనబడింది.

“బాగా పట్టించావు లూసీ” అన్నాడు పైకే. ఆ మాట అప్పుడు అనలేదు.

తర్వాత పనంతా మామూలుగానే జరిగింది. బ్రేకు షూలు చూశాడు, ఇంకా మందం ఉంది. కారులో పెడలు తొక్కితే కరెంటు వచ్చి డ్రమ్ముని పట్టుకునే అయస్కాంతాన్ని తుడిచి, తీగలు రెండూ లాగి చూశాడు. అరచేతిలో కొత్త గ్రీజు పెట్టుకుని, సందు సందుకీ పైకి ఉబికి వచ్చేదాకా అదిమాడు. కొత్త సీలు వేసి డ్రమ్ము ఎక్కించాడు. తిప్పుతూ బిగించి, వదులు చేసి, వేళ్లతో ఆనించాడు. బల్ల మీద కొత్త కాటరు పిన్నూ, కిరసనాయిల్లో కడిగి తుడిచిన కొప్పుపిన్నూ పక్కపక్కన ఉన్నాయి. రెంటినీ చాలాసేపు చూశాడు. కొప్పుపిన్ను వంపుల దగ్గర గోటితో గీకి, భూతద్దం పెట్టి పగులేమన్నా ఉందేమోనని మూడుసార్లు చూశాడు. తుప్పు లేదు, పగులు లేదు. ఆ తర్వాత గాడికీ బెజ్జానికీ సూటి కుదిరేలా నట్టు సర్ది, పిన్ను దూర్చి, కాళ్లు వంచాడు. మూతలో పాత గ్రీజు తుడిచి, కొత్తది మూడు వేళ్లతో మెత్తి, సుత్తితో తట్టి బిగించాడు. చక్రం ఎక్కించి జాకీ దింపాడు.

చివరికి తెల్ల పెయింటు డబ్బా తెచ్చుకున్నాడు. ఎడమ చక్రం వెనక నిన్ననే బి.జెడ్.ఏ. రాశాడు. కుడి చక్రం వెనక లూసీ రాసినవి వెలిసిపోయి కనబడుతున్నాయి. వాటి మీద బ్రష్షు పోనివ్వకుండా, వాటి కిందే జి.ఎన్.టి. అని రాసి ఈ నెల వేశాడు. ఆయన అక్షరాలు మాత్రం తిన్నగా వచ్చాయి.

సాయంత్రం వాల్ట్ ట్రైలరును రోడ్డు మీద నాలుగు మైళ్లు లాగి తీసుకొచ్చి మళ్లీ గడ్డిలోనే నిలిపాడు. దిగి, సత్యానందం చెయ్యి పట్టుకుని ఊపాడు. ఈసారి ఆయన ముందుగా వెనక్కి తీసుకోలేదు. కుడిది అయిపోయిందన్నమాట అన్నాడు వాల్ట్. అయిపోయిందన్నాడు ఈయన. హ్యూస్టనులో చలి ఉండదు, అదృష్టవంతుడివి అని వాల్ట్ ఇంటికెళ్లిపోయాడు. అరవైకి అటూ ఇటూగా ఉన్న ఇద్దరు మగవాళ్లు తొమ్మిదేళ్ల స్నేహాన్ని ముగించడానికి అంతకన్నా మాటలు పట్టలేదు.

శనివారం తెల్లవారకుండానే బయల్దేరాడు. పాత పికప్పు వెనక ట్రైలరు మొదట కొంచెం మొరాయించి, గడ్డిలోంచి లేచి, కంకర దాటి రోడ్డెక్కింది. అద్దంలో అది వెనకాలే వస్తుంటే ఎవరో తోడొస్తున్నట్టే ఉంది గాని, పక్క సీటు ఖాళీగానే ఉంది. దక్షిణంగా కోసేసిన చేలు, ధాన్యం గోదాములు, దూరంగా గూడ్సు బండి. డ్వైట్ ఊరు దగ్గర యాభై మైళ్లు నిండాయి. పక్కకి ఆపి దిగాడు. ముందు కుడి వైపుకి నడిచాడు. వంగి, హబ్బు మీద చేతి వెనక భాగం ఆనించాడు.

చల్లగా ఉంది. ఆ చల్లదనం మీద చెయ్యి తీయకుండా కొంచెంసేపు నిలబడ్డాడు. నాలుగున్నరేళ్ల తర్వాత చల్లగా ఉండటం మంచి కబురైంది. ఇంకా వెయ్యి మైళ్లుంది, ఇరవైసార్లు ఆగాలి, ఇరవైసార్లూ ఇలా చూసుకోవచ్చు. ఎడమ హబ్బు కూడా తాకి, బండెక్కాడు.

ఎనిమిది గంటలకి వాల్ట్ సామాన్లు సర్దడానికి షెడ్డు తెరిచాడు. వెనక, ట్రైలరు నిలబడ్డ మేర గడ్డి పసుపుపచ్చగా నాలుగు పలకలుగా ఉంది. లోపల పానాలన్నీ వరసగా మేకులకి వేలాడుతున్నాయి. ఎర్ల్ చొక్కా ఉతికి, మడత పెట్టి కుర్చీ మీద ఉంది. తుడిచిన బల్ల మధ్యలో, శుభ్రమైన గుడ్డ ముక్క మీద, ఒక కొత్త కాటరు పిన్ను మెరుస్తోంది, కాళ్లు రెండూ వంచకుండా.